అఫిలియేట్ లింకు: ఏది సర్దాలి, ఏది దాచకూడదు

మీరు తెలుగులో ఒక వంటల సైటు నడుపుతున్నారనుకుందాం. ఇడ్లీ పిండి గురించి రాశారు. మీ ఇంట్లో వాడుతున్న వెట్ గ్రైండర్ బాగా రుబ్బుతోందని చెప్పి, కింద అమెజాన్ లింకు పెట్టారు. ఆ లింకును ఒకసారి పూర్తిగా విప్పి చూడండి. ముందు అమెజాన్ పేరు, తరవాత వస్తువు పేరు, ఆ వస్తువుకు వాళ్లిచ్చిన పది అక్షరాల గుర్తు, ఆపైన మీరు వెతికినప్పుడు వచ్చి తగులుకున్న అక్షరాల గుంపు, చివర్లో ఎక్కడో ‘ట్యాగ్’ అని ఉండి దాని పక్కన మీ ఐడీ. మన దేశపు అమెజాన్‌లో ఆ ఐడీ 21 సంఖ్యతో ముగుస్తుంది. ఇంత పొడుగు లింకులో మీ సంపాదనకు సంబంధించింది ఆ చిన్న ముక్క ఒక్కటే. ‘ఫలానావాళ్లు పంపారు’ అని కొట్టువాడికి చూపించే చీటీ లాంటిది అది. చదివినవాళ్లు ఆ చీటీతో లోపలికి వెళ్తే వాళ్ల బ్రౌజర్‌లో ఒక కుకీ పడుతుంది. అమెజాన్ లెక్కలో దాని గడువు 24 గంటలు. ఆలోగా వాళ్లు కొన్నవాటి మీద మీకు కమీషన్ వస్తుంది. మీ లింకు ద్వారా వచ్చారని వాళ్ల దగ్గర ఎక్కువ ధరేమీ తీసుకోరు.

అమెజాన్ ఈ అసోసియేట్స్ పథకాన్ని 1996 జూలైలో మొదలుపెట్టింది. అప్పటినుంచీ లింకులు పెట్టేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు వేసుకునే ప్రశ్న ఒకటుంది. ఈ పొడుగాటి లింకును అలాగే పెట్టాలా, లేక మన సైటు పేరు మీదే ఒక పొట్టి చిరునామా తయారుచేసుకోవాలా? అంటే సైటు పేరు, ఒక ఏటవాలు గీత, ‘గో’, ఇంకో గీత, ‘గ్రైండర్’. దాన్ని నొక్కితే ముందు మన సర్వర్‌కు వస్తారు, మన సర్వర్ వాళ్లను వెంటనే అసలు లింకుకు మళ్లిస్తుంది. ఇలా మళ్లించడాన్ని రీడైరెక్షన్ అంటారు. అసలు లింకు బయటికి కనపడకుండా పోతుంది కాబట్టి లింక్ క్లోకింగ్ అని కూడా అంటున్నారు.

సైటు మీద నాలుగు డబ్బులు సంపాదించాలనుకునే ప్రతి ఒక్కరూ ఈ పని నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. అయితే నేర్చుకునేముందే ఒక విషయం తేల్చుకోవాలి. మన లింకులన్నీ ఒకచోట సర్దిపెట్టుకోవడానికి ఇది చాలా మంచి పనిముట్టు. ఎక్కడికి పంపుతున్నామో, ఎందుకు పంపుతున్నామో ఎవరికీ తెలియకుండా చేయడానికి వాడితే మాత్రం ఇదే మన సైటును ముంచుతుంది. ఈ లావాదేవీలో మనతోపాటు ముగ్గురున్నారు. మన మాట చదివి నొక్కినవాళ్లు, కమీషన్ ఇచ్చే కంపెనీ, మన పేజీని నలుగురికీ చూపించే గూగుల్. ముగ్గురిలో ఏ ఒక్కరి దగ్గరా గమ్యం దాచకూడదు. అధ్యాయమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకు చేస్తున్నాం?

లింకు చూడ్డానికి బాగుండాలని అనేవాళ్లు చాలామంది. నిజానికి పేజీలో లింకు మాటల వెనకాల ఉంటుంది. ‘నేను వాడే గ్రైండర్ ఇది’ అనే మాటల మీద నొక్కేవాళ్లకు వెనకాల ఉన్నది ఎంత పొడుగైతే ఏమిటి? యూట్యూబ్‌లో నోటితో చెప్పాల్సి వస్తేనో, వాట్సాప్‌లో పంపాల్సి వస్తేనో పొట్టి లింకుకు విలువుంది. మిగతాచోట్ల అందం పెద్ద కారణం కాదు.

రెండో కారణం భయం. ఎవరైనా లింకు చివర మన ఐడీ చూసి, దాన్ని తీసేసి వెళ్తారని భయం. లేదా తమ ఐడీ పెట్టుకుంటారని. లింకులో ట్యాగ్ వెతికి తీసేసే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఉన్నవాళ్లు మన పొట్టి లింకు నొక్కినా, అమెజాన్ పేజీ తెరుచుకున్నాక పైన ట్యాగ్ ఎలాగూ చూస్తారు. అంటే ఈ భయానికి క్లోకింగ్ మందు కానే కాదు. కమీషన్ పోయే అసలు చోటు ఇంకొకటి ఉంది. 2024 డిసెంబర్‌లో ఒక యూట్యూబర్ పెట్టిన వీడియో ప్రపంచమంతా చర్చకు దారితీసింది. కూపన్లు వెతికిపెడతానని బ్రౌజర్‌లో చేరే హనీ అనే ఎక్స్‌టెన్షన్, కొనుగోలు చివర్లో డబ్బు కట్టే పేజీ దగ్గర, అప్పటిదాకా ఉన్న అఫిలియేట్ కుకీ స్థానంలో తన కుకీ పెట్టుకుంటోందన్నది ఆ వీడియో ఆరోపణ. హనీని పేపాల్ 2020లో దాదాపు 400 కోట్ల డాలర్లకు కొన్నది. వీడియో తరవాత పేపాల్ మీద అమెరికా కోర్టుల్లో దావాలు పడ్డాయి. 2025 మార్చిలో గూగుల్ క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మార్చి, వాడేవాళ్లకు ఏ ప్రయోజనమూ ఇవ్వకుండా అఫిలియేట్ లింకులు చొప్పించకూడదని చెప్పింది. ఆ వీడియో చెప్పిన మార్పిడి జరిగేది అమ్మకందారు పేజీలో, కొనేవాళ్ల బ్రౌజర్‌లో. మన సైటులో లింకును ఎన్ని పొరల వెనక దాచినా అక్కడ జరిగేదాన్ని ఆపలేం. దొంగల భయంతో క్లోకింగ్ పెట్టుకునేవాళ్లు ముందు ఇది తెలుసుకోవాలి.

నా దృష్టిలో గట్టి కారణం మూడోది. మీ గ్రైండర్ లింకు ఒక్క పేజీలో ఉండదు. ఇడ్లీలో ఉంటుంది, దోసెలో ఉంటుంది, గారెల్లో, పెసరట్టులో, వంటింటి సామాను గురించి రాసినచోట ఉంటుంది. రెండేళ్లకు ఆ మోడల్ రావడం ఆగిపోయింది. అమ్మేవాడు మారిపోయాడు. లేదా మీరు వేరే అఫిలియేట్ నెట్‌వర్క్‌లో చేరారు. అప్పుడు ప్రతి పేజీ తెరిచి లింకు మార్చుకుంటూ కూర్చోవాలి. ఒకటి మరిచిపోయినా చదివినవాళ్లు ‘ఈ వస్తువు లేదు’ అనే పేజీకి వెళ్లి పడతారు. అదే ‘గో గ్రైండర్’ అని ఒక్క చిరునామా పెట్టి, అది ఎక్కడికి వెళ్లాలో ఒక్కచోట రాసిపెట్టుకుంటే, ఒక్క మార్పుతో అన్ని పేజీలూ సరవుతాయి. ఇలాంటి మార్పులు మన చేతిలో ఉండవు. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో కమీషన్ రేట్లు ఒక్కసారిగా తగ్గించింది. ఫర్నిచర్ మీద 8 శాతం ఇచ్చేది 3 శాతానికి దించింది. అప్పుడు ఎంతోమంది వేరే అమ్మకందారుల వైపు చూశారు. లింకులు ఒకచోట ఉన్నవాళ్లకు ఆ పని సులువైంది.

లెక్క కూడా తెలుస్తుంది. ఏ పేజీనుంచి ఎందరు నొక్కారో తెలిస్తే ఏ రాత ఉపయోగపడుతోందో అర్థమవుతుంది. కాకపోతే ఆ అంకెల్ని చూసి మురిసిపోకండి. గూగుల్ దగ్గర్నుంచి నానా రకాల బాట్లు లింకులన్నీ తొక్కుకుంటూ పోతుంటాయి. వడపోత లేకపోతే క్లిక్కుల సంఖ్యలో మనుషులెందరో తెలీదు. నొక్కినవాళ్ల ఐపీ చిరునామాలు దాచుకోవాల్సిన అవసరం కూడా మీకు లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తరవాత, అక్కర్లేని సమాచారం పోగేసుకోకపోవడమే మంచిది. పేజీ, తేదీ, ఏ లింకు. ఈ మూడూ చాలు.

మళ్లించే పని

సర్వర్ మళ్లించేటప్పుడు బ్రౌజర్‌కు ఒక సంఖ్య పంపుతుంది. 301 అంటే చిరునామా శాశ్వతంగా మారిందని. 302, 307 అంటే ప్రస్తుతానికి అక్కడికి వెళ్లమని. చాలామంది ఆలోచించకుండా 301 పెడతారు. సైటు డొమైన్ మారినప్పుడో, పాత పేజీని కొత్త పేజీలో కలిపేసినప్పుడో 301 సరైందే. అఫిలియేట్ లింకుకు మాత్రం అది పనికిరాదు. బ్రౌజర్ 301ని గుర్తుపెట్టేసుకుంటుంది. రేపు మీరు గమ్యం మార్చినా, ఇంతకుముందు ఒకసారి నొక్కినవాళ్ల బ్రౌజర్ మీ సర్వర్‌ను అడగకుండానే పాతచోటికే తీసుకెళ్లొచ్చు. మార్చుకునే వీలు కోసమే కదా ఇదంతా పెట్టుకున్నది! కాబట్టి 302 గానీ 307 గానీ పెట్టండి. సైటుకు క్యాష్ ప్లగిన్ ఉంటే, ఈ ‘గో’ చిరునామాల్ని క్యాష్ చేయవద్దని అందులో చెప్పండి.

మీ హోస్టింగ్ అపాచీ సర్వర్ మీదుంటే ‘హెచ్‌టీ యాక్సెస్’ అనే ఫైలులో లింకుకు ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. రీడైరెక్ట్ అనే మాట, 302, పొట్టి చిరునామా, అసలు లింకు. అంతే. ఎంజిన్‌ఎక్స్ సర్వర్‌లో అదే పని ‘రిటర్న్’ అనే మాటతో జరుగుతుంది. పదీ ఇరవై లింకులున్నవాళ్లకు ఇంతకు మించి అక్కర్లేదు. ప్లగిన్ లేదు కాబట్టి అది పాడవుతుందన్న బెంగా లేదు. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు, లింకులు వందల్లో ఉన్నవాళ్లు ప్రెటీ లింక్స్, థర్స్టీ అఫిలియేట్స్ లాంటి ప్లగిన్లు పెట్టుకోవచ్చు. రెండింటిలోనూ 301, 302, 307లలో ఏది కావాలో ఎంచుకోవచ్చు. ముందుగా పెట్టి ఉన్నదాన్ని అలాగే వదిలేయకుండా ఒకసారి తెరిచి చూసుకోండి.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి కాస్త నిదానంగా చెప్పాలి. కొందరు పీహెచ్‌పీలో చిన్న ఫైలు ఒకటి రాసుకుంటారు. ‘గో’ ఫైలు, దాని తరవాత ప్రశ్నార్థకం, ‘యూఆర్ఎల్’ అనే మాట, ఆపైన ఎక్కడికి వెళ్లాలో ఆ చిరునామా. ఏ లింకు ఇస్తే ఆ లింకుకు పంపేస్తుంది కాబట్టి చాలా సౌకర్యంగా కనపడుతుంది. అయితే ఆ సౌకర్యం మీ ఒక్కరికే కాదు, మోసగాళ్లకూ ఉంటుంది. వాళ్లు మీ సైటు పేరుతో మొదలయ్యే లింకు తయారుచేసి, చివర బ్యాంకు పేజీలాగా కనపడే నకిలీ పేజీ పెట్టి జనానికి మెసేజ్‌లు పంపుతారు. అందుకున్నవాళ్లు లింకులో మీ పేరు చూసి నమ్మి నొక్కుతారు. దీన్ని ఓపెన్ రీడైరెక్ట్ అంటారు, భద్రతా నిపుణులు గుర్తించిన పాత లోపాల్లో ఇదొకటి. కాబట్టి గమ్యం లింకులోంచి తీసుకోకూడదు. ‘గ్రైండర్’ అంటే ఇక్కడికి, ‘ఇనప పెనం’ అంటే అక్కడికి అని మీరే ఒక పట్టిక రాసి ఉంచాలి. పట్టికలో లేని మాట వస్తే ‘ఈ పేజీ లేదు’ అని చెప్పి ఆపేయాలి.

ఇంకో రకం క్లోకింగ్ ఉంది. ప్రెటీ లింక్స్ డబ్బులు కట్టే వెర్షన్‌లో కూడా ఆ సౌకర్యం కనపడుతుంది. అమ్మకందారు పేజీని ఒక ఫ్రేములో బిగించి, పైన చిరునామా పట్టీలో మాత్రం మీ సైటు పేరే ఉండేలా చేయడం. దీన్ని దయచేసి ముట్టుకోకండి. పెద్ద అమ్మకందారుల్లో చాలామంది తమ పేజీల్ని ఇలా బిగించనివ్వరు, ఖాళీ తెర కనపడుతుంది. బిగించనిచ్చినా అంతకంటే పెద్ద తప్పు మిగిలే ఉంటుంది. పాస్‌వర్డ్, కార్డు నంబరు కొట్టేముందు పైన చిరునామా చూసుకోమని మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఇన్నేళ్లుగా చెబుతూ వస్తున్నాం. ఆ చిరునామాయే అబద్ధం చెప్పేలా చేసి డబ్బు సంపాదించడం సబబు కాదు.

పేజీలో లింకు రాసేటప్పుడు ‘రెల్’ అనే గుణానికి ‘స్పాన్సర్డ్’ అని చేర్చండి. గూగుల్ 2005లో ‘నోఫాలో’ తెచ్చింది, 2019 సెప్టెంబర్‌లో డబ్బు సంబంధం ఉన్న లింకుల కోసం ప్రత్యేకంగా ‘స్పాన్సర్డ్’ తెచ్చింది. ఈ మాట పెట్టడం అంటే ‘ఈ లింకు మీద నాకు డబ్బు వస్తుంది, దీన్ని నా సిఫార్సు ఓటుగా లెక్కపెట్టకు’ అని గూగుల్‌కు నేరుగా చెప్పడం. కొందరు రోబోట్స్ ఫైలులో ‘గో’ చిరునామాలన్నిటినీ గూగుల్‌కు మూసేస్తారు. దానివల్ల క్రాలర్ల రద్దీ తగ్గుతుంది, తప్పేమీ లేదు. కాకపోతే రోబోట్స్ ఫైలులో మూసేసి, అదే చిరునామాకు ‘నోఇండెక్స్’ అని హెడర్ కూడా పెడితే రెండోది వృథా. లోపలికి రానివ్వనివాడు లోపల రాసింది ఎలా చదువుతాడు? రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోండి.

కొందరు ఇక్కడ ఇంకో భయం పెట్టుకుంటారు. గూగుల్ క్లోకింగ్‌ను నిషేధించింది కదా, పొట్టి లింకు పెడితే శిక్ష పడదా అని. గూగుల్ నిషేధించింది గూగుల్‌కు ఒక పేజీ, మనుషులకు ఇంకో పేజీ చూపించడాన్ని. అనుకున్నచోటికి కాకుండా వేరేచోటికి దొంగచాటుగా మళ్లించడాన్ని. గూగుల్ బాట్ నొక్కినా, గుంటూరులో ఎవరైనా నొక్కినా ఒకే గ్రైండర్ పేజీకి వెళ్తుంటే ఆ నిషేధం మీకు వర్తించదు. గూగుల్‌కు నచ్చనిది ఇంకొకటుంది, దానికి భయపడాలి. అమ్మకందారు పేజీలోని వివరాలే తెచ్చి అతికించి, తమ సొంత మాట ఒక్కటీ లేకుండా లింకులతో నింపిన పేజీలు. మినప్పప్పు ఎంతసేపట్లో నలిగింది, పిండి వేడెక్కిందా, రాయి కడగడం ఎంత కష్టం. ఇవి మీరు రాస్తేనే మీ లింకుకు ఉండటానికి ఒక కారణం ఉంటుంది.

కమీషన్ ఇచ్చేవాళ్ల మాట

ప్రతి పథకానికీ ఒప్పందం ఉంటుంది. ఒప్పుకున్నామని గడిలో టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోవడం అందరికీ అలవాటు. క్లోకింగ్ గురించి రాసిన భాగం మాత్రం తప్పక చదవాలి. అమెజాన్ ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. ఏ సైటు నుంచి కొనేవాళ్లు వచ్చారో తమకు తెలియకుండా చిరునామాను దాచడం, మార్చడం, మసకబార్చడం కుదరదంటుంది. నొక్కేవాళ్లకు తాము అమెజాన్‌కు వెళ్తున్నామని తెలియకుండా పోయేలా లింకుల్ని పొట్టిచేసే సర్వీసులు వాడొద్దని కూడా అంటుంది. అమెజాన్ తమ టూల్‌బార్‌లోనే ‘ఎఎమ్‌జెడ్‌ఎన్ డాట్ టూ’ అని మొదలయ్యే పొట్టి లింకు ఇస్తుంది, అది వాడుకోవచ్చు. నా సలహా ఒక్కటే. అమెజాన్ లింకుల్ని ‘గో’ వెనక పెట్టకండి. వాళ్లు ఇచ్చిన లింకే పెట్టండి, పక్కన ‘అమెజాన్‌లో’ అని రాయండి. థర్స్టీ అఫిలియేట్స్‌లో అమెజాన్ లింకుల్ని మాత్రం విప్పి అసలు రూపంలో చూపే సౌకర్యం ఉంది. దానితో లింకులు ఒకచోట సర్దుకున్నట్టూ ఉంటుంది, ఒప్పందం దాటకుండానూ ఉంటుంది. ఎన్నో నెలల కమీషన్‌తో సహా ఖాతా మూసుకుపోయే ప్రమాదం ముందు పొట్టి లింకు సుఖం ఏపాటిది?

కొన్ని నెట్‌వర్కులు లింకును తామే మార్చి ఇస్తాయి. క్యూలింక్స్, ఎర్న్‌కరో లాంటివి మన దేశంలో చాలామంది వాడుతున్నారు. వాళ్ల లింకు అప్పటికే ఒక మళ్లింపు. దాని ముందు మీదొకటి పెడితే రెండు, ముందు ఒక లింకు కురచచేసే సర్వీసు పెడితే మూడు. ప్రతి మళ్లింపుకీ ఫోను ఒకసారి సర్వర్‌ను అడిగి జవాబు కోసం ఆగాలి. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో చదివేవాళ్లకు ఆ ఆగడం తెలుస్తుంది, మధ్యలో ఏ ఒక్కటి తెగినా మొత్తం తెగుతుంది. మీ చిరునామానుంచి వీలైనంత నేరుగా వెళ్లనివ్వండి. ఇతరుల కురచ లింకుల మీద ఆధారపడటం ఇంకా ప్రమాదం. గూగుల్ తన ‘గూ డాట్ జీఎల్’ సర్వీసులో 2019లో కొత్త లింకులు ఇవ్వడం మానేసింది, ఎవరూ వాడని పాత లింకుల్ని 2025 ఆగస్టులో ఆపేయాలని నిర్ణయించింది. అంత పెద్ద కంపెనీదే అలా అయితే, చిన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఎక్కడినుంచి వచ్చారో అమ్మకందారుకు తెలియజేసేది రెఫరర్ అనే సమాచారం. 302 మళ్లింపు దాన్ని చెరిపెయ్యదు. మామూలుగా మీ సైటు పేరు వాళ్లకు చేరుతుంది. కొత్త ట్యాబ్‌లో తెరవమని పెట్టినప్పుడు కొన్ని ఎడిటర్లు ‘నోరెఫరర్’ అనే మాటను తామే చేరుస్తాయి. అది ఉంటే ఆ సమాచారం ఆగిపోతుంది. భద్రత కోసం ‘నోఓపెనర్’ చాలు. ‘నోరెఫరర్’ను తీసేయండి.

దాచడమే వ్యాపారమైతే ఎక్కడికి దారితీస్తుందో చెప్పే కేసు ఒకటుంది. అమెరికాలో షాన్ హోగన్ అనే వ్యక్తి ఒకప్పుడు ఈబే సంస్థకు అందరికంటే ఎక్కువ సంపాదించిన అఫిలియేట్. ఈబే అతనికి మొత్తం మీద దాదాపు 2.8 కోట్ల డాలర్లు చెల్లించింది. అతనితోపాటు బ్రయన్ డన్నింగ్ అనే మరో పెద్ద అఫిలియేట్ మీద కూడా 2008లో ఈబే దావా వేసింది. వాళ్లు చేసింది కుకీ స్టఫింగ్. వేరే ఏదో పేజీ చూస్తున్న మనిషికి తెలియకుండా, కంటికి కనపడని విధంగా ఈబే లింకును వెనకాల నడిపి కుకీ వేయడం. ఆ మనిషి లింకు నొక్కలేదు, చూడలేదు. ఎప్పుడో తన అవసరం కొద్దీ ఈబేకు వెళ్లి ఏదో కొంటే కమీషన్ వీళ్లకు. వ్యవహారం ఎఫ్‌బీఐ దాకా వెళ్లింది. వైర్ ఫ్రాడ్ నేరం ఒప్పుకున్న ఆ ఇద్దరికీ 2014లో జైలు శిక్షలు పడ్డాయి, హోగన్‌కు అయిదు నెలలు, డన్నింగ్‌కు పదిహేను నెలలు. వంటల సైటు నడిపేవాళ్లకూ ఈ కేసుకూ సంబంధమేమిటని అనుకోవద్దు. ‘పేజీ తెరిస్తే చాలు కుకీ పడుతుంది’ అని చెప్పి స్క్రిప్టులు అమ్మేవాళ్లు ఉంటారు. నొక్కకుండానే మళ్లించే ఏ ఏర్పాటూ మీ సైటులో ఉండకూడదు.

చదివేవాళ్లకు చెప్పడం

లింకు పొట్టిదైనా, పొడుగుదైనా, దానివల్ల మీకు డబ్బు వస్తుందన్న మాట చదివేవాళ్లకు తెలియాలి. పొట్టి లింకు వాడినప్పుడు ఈ బాధ్యత ఇంకా పెరుగుతుంది. లింకు మీద వేలు ఆనించి చూసినా మీ సైటు పేరే కనపడుతుంది కాబట్టి, అది అమ్మకపు లింకని పసిగట్టే వీలు వాళ్లకు లేదు. ఆ వీలును తీసేసింది మనం. దాని బదులు మాట చెప్పాల్సింది కూడా మనమే.

నియమాలు, చట్టం కూడా ఇదే చెబుతున్నాయి. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం మార్గదర్శకాలు తెచ్చింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం చిన్న పుస్తకం విడుదల చేసి, కంపెనీతో ఆర్థిక సంబంధం ఉంటే వెల్లడించాలని, సులువైన మాటల్లో చెప్పాలని వివరించింది. 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు పేరుపెట్టి చెప్పిన 13 మోసపు పద్ధతుల్లో, ప్రకటనను ప్రకటనలా కనపడకుండా వేరే రాతలా మారువేషం వేయించడం ఒకటి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. సిఫార్సు చేసినవాళ్లను కొంతకాలం ఆ పని చేయకుండా ఆపొచ్చు.

జరిమానా గురించి చెప్పానే గానీ దాని భయంతో చేయమని నా ఉద్దేశం కాదు. తెలుగు సైట్లలో నేను చూసేది ఏమిటంటే, ఈ వెల్లడి ఉన్నచోట కూడా పేజీ అడుగున, లేత బూడిద రంగులో, ఇంగ్లీషులో ఉంటుంది. ఎక్కడో నకలు తీసి అతికించినది. గారెలు ఎలా వేయాలో తెలుగులో చదువుతున్న మనిషికి ఆ ఇంగ్లీషు వాక్యం చెప్పనట్టే. తెలుగులో రాయండి, మొదటి లింకు కంటే ముందు రాయండి, మిగతా అక్షరాల సైజులోనే రాయండి. ‘ఈ పేజీలోని కొన్ని లింకుల ద్వారా మీరు కొంటే మాకు కమీషన్ వస్తుంది. మీరు కట్టే ధర పెరగదు.’ ఇంతే, తిప్పి చెప్పక్కర్లేదు. అమెజాన్ లింకులుంటే, అమెజాన్ అసోసియేట్‌గా కొనుగోళ్ల మీద ఆదాయం వస్తుందనే వాక్యం కూడా వాళ్ల ఒప్పందం ప్రకారం ఉండాలి. లింకు పక్కనే బ్రాకెట్లో ‘కమీషన్ లింకు’ అని రెండు మాటలు చేరిస్తే ఇంకా మంచిది. ఇలా చెబితే జనం నొక్కరని కొందరు భయపడతారు. వస్తువుల సమీక్షలతో నడిచే వైర్‌కట్టర్ సైటు తమకు కమీషన్ వస్తుందని పేజీ మీదే చెబుతుంది. దాన్ని 2016లో న్యూయార్క్ టైమ్స్ మూడు కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది. చెప్పడంవల్ల నష్టపోలేదు కదా!

గమ్యం మార్చే అధికారం

రీడైరెక్షన్‌లో అన్నిటికంటే ఉపయోగకరమైన గుణమే అన్నిటికంటే ప్రమాదకరమైనది కూడా. గమ్యం మన చేతిలో ఉంటుంది, ఎప్పుడైనా మార్చొచ్చు. మీరు రాసింది రెండు లీటర్ల ఒక గ్రైండర్ గురించి. ఆర్నెల్లు వాడి, మంచీ చెడూ రాశారు. ఇంకో కంపెనీ తన గ్రైండర్ మీద రెట్టింపు కమీషన్ ఇస్తానంది. పట్టికలో ఒక్క పంక్తి మారిస్తే చాలు, మీ రాతలన్నిటిలోని ‘నేను వాడే గ్రైండర్ ఇది’ అనే మాట మీరు ఎప్పుడూ ముట్టుకోని వస్తువు దగ్గరికి వెళ్తుంది. ఒక్క అక్షరం కూడా తిరగరాయనక్కర్లేదు. ఎవరికీ తెలియదు కూడా. రాత నిజమే, లింకు పనిచేస్తూనే ఉంది, మధ్యలో మాట మాత్రం తప్పింది.

అందుకే నేను ఒక నియమం పెట్టుకోమంటాను. పొట్టి చిరునామాకు ‘గ్రైండర్’ అని ఊరికే పేరు పెట్టకండి. కంపెనీ పేరు, మోడల్ పేరు కలిపి పెట్టండి. అప్పుడు ఆ చిరునామాకు వేరే కంపెనీ వస్తువును తగిలించడం మీకే వింతగా కనపడుతుంది. అదే వస్తువు వేరే దుకాణంలో దొరికితే, పాత లింకు తెగిపోతే, అమ్మేవాడు మారితే నిశ్చింతగా మార్చండి. వస్తువే మారితే మాత్రం కొత్త చిరునామా తయారుచేసి, ఆ పేజీలన్నీ తెరిచి, ఎందుకు మార్చారో రాయండి. పాత మోడల్ రావడం ఆగిపోతే ఆ చిరునామాను ఏదో ఒక అమ్మకపు పేజీకి పంపకుండా మీ సైటులోనే ఒక పేజీకి పంపండి. ‘ఈ మోడల్ ఇప్పుడు రావడం లేదు, దాని స్థానంలో చూడదగినవి ఇవి’ అని అక్కడ చెప్పండి.

నెలకొకసారి కూర్చుని పట్టికలోని ప్రతి చిరునామా నొక్కి చూడండి. మీ ఖాతాలో లాగిన్ లేని బ్రౌజర్‌లో, ఫోన్లో చూడండి. తెగినవి దొరుకుతాయి, ట్యాగ్ రాలిపోయినవి దొరుకుతాయి, దుకాణం మొదటి పేజీకి తోసేస్తున్నవి దొరుకుతాయి. పట్టికలో ఇంకో రెండు గడులు పెట్టుకోండి. ఏ తేదీన మార్చాను, ఎందుకు మార్చాను. రేపు సైటు చూసుకునే పని మీ తమ్ముడికో, జీతానికి పెట్టుకున్న మనిషికో అప్పగించినా ఆ రెండు గడులూ దారి చూపిస్తాయి. లింకు పక్కన వస్తువు పూర్తి పేరు, మోడల్ నంబరు తెలుగులోనే రాసి ఉంచండి. లింకు చచ్చిపోయినా చదివినవాళ్లు ఆ పేరు రాసుకుని ఊళ్లో మిక్సీలు అమ్మే షాపులో అడిగి తీసుకుంటారు. దాని మీద మీకు కమీషన్ రాదు, రాకపోయినా ఫరవాలేదు.

సైటు మానేయాలనుకున్న రోజున కూడా డొమైన్‌ను వెంటనే వదిలెయ్యకండి. మీ పొట్టి లింకులు అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ వీడియోల కింద, ఎవరెవరి ఫోన్లలోనో ఉంటాయి. గడువు దాటిన డొమైన్‌ను ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాళ్లు మీ ‘గో’ చిరునామాలన్నిటినీ తమకు నచ్చినచోటికి తిప్పుకోవచ్చు, నొక్కేవాళ్లు మాత్రం మీ పేరు చూసే నొక్కుతారు. రెన్యువల్‌కు ఏడాదికయ్యే ఖర్చు చిన్నదే. అఫిలియేట్ లింకులన్నీ తీసేసి, ‘గో’తో మొదలయ్యే ప్రతి చిరునామాకూ ‘ఈ లింకు ఇప్పుడు పనిచేయదు’ అని చెప్పే ఒక్క పేజీ పెట్టి, ఇంకో రెండు మూడేళ్లు ఆ డొమైన్‌ను మీ పేరు మీదే ఉంచుకోండి.